మొలవక ముందే చల్లాలి

కృపానిధి పొద్దున లేవగానే చేసే మొదటి పని ముఖం కడుక్కోవడం కాదు, లాన్‌లో వేలు గుచ్చి చూడడం. ఆ రోజూ అంతే. మార్చి నెల ఇంకా రానేలేదు, అప్పటికే బళ్ళారి ఎండ పొద్దున్నే గోడ దిగుతోంది. సంగనకల్లు రోడ్డు మీద లారీల మోత మొదలైంది. ఆయన లుంగీ ఎగ్గట్టి, గరిక మధ్యకు వేలు దించి, కాసేపు అట్లాగే ఉంచి పెదవి విరిచాడు.

"నేల వేడెక్కతాంది కరుణా. ఈ వారంలో మందు చల్లకుంటే అయిపాయె."

 కరుణమ్మ గట్టున చెప్పులు విడిచి, చెంగు తల మీద కప్పుకుని, గరిక మీద అటూ ఇటూ నడుస్తూ ప్రార్థన చేసుకుంటోంది. ప్రార్థన మధ్యలో మొగుడికి జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆయనకు ఆగే అలవాటూ లేదు.

యశ్వంతనగర్‌లో గని కంపెనీ గెస్ట్‌హౌస్‌కు కృపానిధి తోట మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాడు. చెట్లూ గోడలూ మనుషుల చొక్కాలూ అన్నీ ఎర్రదుమ్ము పట్టిపోయే ఆ చోట, గెస్ట్‌హౌస్ ముందు లాన్ మాత్రం పచ్చగా ఉండేది. బళ్ళారిలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు సగం జాగా వదిలి గరిక వేయించాడు. పొలాల్లో జనం నడుములు విరిగేలా పీకి పారేసే గరికను కొనుక్కొచ్చి నాటుతున్నాడని వీధంతా నవ్వింది. తర్వాత ఆ నవ్విన వాళ్ళే చుట్టాలొస్తే తీసుకొచ్చి ఫోటోలు దిగారు.

పాత మిషన్ చర్చి ఆడవాళ్ళు శుక్రవారం సాయంత్రాలు ఆ గరిక మీదే చాపలు పరిచి కూటం పెట్టుకుంటారు. ప్రార్థన జరిగే జాగా గనక దాని మీదికి ఎవరూ చెప్పులతో రాకూడదు. ఈ నియమం పాస్టరు పెట్టింది కాదు, కృపానిధి పెట్టింది. మెల్లగా అది పది ఆజ్ఞల పక్కన పదకొండోది అయి కూర్చుంది.

బడిలో టీచరుగా పనిచేసే కోడలు వినీల చంకలో కూతురు గ్లోరియాను ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. గరిక కనబడితే చాలు, దిగడానికి కాళ్ళు తన్నుకుంటుంది.

"మామా, మందు అంటాండారు. పిల్ల ఆడే కదా పాకేది?"

"రెండు దినాలు దించొద్దు. ఇసుకలో కలిపి చల్లి, పైన నీళ్ళు పెట్టి, అవి ఇంకి ఆరినాంక ఏమీ కాదు. గెస్ట్‌హౌస్‌లో అన్నేండ్లు చల్లినా. ఒక్క కుక్క కూడా సావలేదు."

"మన గ్లోరియా కుక్కా మామా?"

వరండా మెట్ల మీద బూట్లు వేసుకుంటున్న విజయ్ కుమార్ నవ్వాపుకోలేక దగ్గాడు. అతను సండూరు దగ్గర ఖనిజం యార్డులో గుమాస్తా. తండ్రికీ భార్యకీ మధ్య ఏ మాట వచ్చినా అతనికి సరిగ్గా బస్సు టైమవుతుంది.

"మీరు తెచ్చిన మందు సంచి మీద ఏం రాసిండారో చదివినారా? పిల్లలకు దూరంగా పెట్టమని ఉండాది."

"సంచిని దూరంగా పెట్టమని. లాన్‌ను కాదు." కృపానిధి లేచి నిలబడ్డాడు. "ఇను వినీలా. ఇది మొలిచినదాన్ని చంపే మందు కాదు. మొలకెత్తే గింజను పట్టుకునే మందు. పల్లేరు గింజ లోపల నిద్రపోతాంటాది. ఒక్క వాన పడితే లేస్తాది. అది లేచే లోపల మందు నేల మీద పొరమాదిరి పరుచుకోని ఉండల్ల. వాన ముందర చల్లితే మందు. వాన వెనక చల్లితే ఉత్త ఇసుక."

"నాకు బడి సెలవులిచ్చినాంక పిల్లనెత్తుకోని గుంతకల్లుకు పోతా. మా అమ్మ రమ్మంటాంది. నేను పోయినాంక మీ ఇష్టం. బస్తాలు చల్లుకోండి."

"ఏప్రిల్ దాకానా? అంతలోపల వాన పడితే?"

"ఈ ఊర్లో ఏప్రిల్ లోపల వానా మామా?"

ఆ మాటకు కరుణమ్మ కూడా ప్రార్థన మరిచి నవ్వింది. నడక ఆపి, "సాలు ఇంక. పిల్ల కంటే గడ్డి ఎక్కువా? ఆమె పోయినాంకే చల్లు" అంది. ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ కరుణమ్మదే, ఆమె అరుదుగా మాట్లాడుతుంది గనక. కృపానిధి సంచిని తీసుకెళ్ళి సామాన్ల గదిలో గిరాటేశాడు.

అయితే ఆయన ఊరుకున్నాడని అనుకుంటే ఆ ఇల్లు మీకు తెలియనట్టే. ఆ ఇంట్లో కోపమొస్తే ఒకరి ముఖాన ఒకరు అనుకోరు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెబుతారు, పక్కవాళ్ళకు బాగా వినబడేలా. పెళ్ళయి వచ్చిన కొత్తలో తన పప్పులో ఉప్పు తక్కువైన సంగతి వినీలకు మామగారి ప్రార్థనలోనే తెలిసింది. అంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ పెళ్ళయిన మూడేళ్ళకూ కడుపు పండనప్పుడు ఆయన శుక్రవారం కూటంలో ఆడవాళ్ళందరి ముందూ లేచి, ఆసుపత్రిలో ఏ పరీక్షలు చేశారో కూడా విడమరిచి, "నా కోడలి గర్భం తెరువు ప్రభువా" అని కన్నీళ్ళతో వేడుకున్నాడు. ఆయన కన్నీళ్ళు నిజమైనవే. వినీల మాత్రం ఆ సాయంత్రం స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఆ పూట కూడా చాప మీద అందరూ కూర్చున్నాక ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "ప్రభువా, పెద్దోళ్ళ అనుభవాన్ని తేలిగ్గా తీసేసే గుండెల్ని మెత్తగా చెయ్యి తండ్రీ."

వినీల వంతు వచ్చింది. "ప్రభువా, నీకు పసిపిల్లలంటే ప్రాణం గదా. వాళ్ళు పాకే నేల మీద విషం పడకుండా కాపాడు తండ్రీ."

విజయ్ కుమార్ ఇద్దరికీ ఆమెన్ చెప్పాడు.

వాన రాదన్న ఊళ్ళో వాన పడింది. మార్చి ఆఖర్లో, బడికి ఇంకా సెలవులివ్వక ముందే, మధ్యాహ్నం ఉన్నట్టుండి కొండల మీద మబ్బు కమ్మి పెద్ద పెద్ద చినుకులు రాలాయి. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. వినీల గ్లోరియా అరచేతిని చూరు కిందికి చాపి తడిపించి మురిసిపోయింది. కృపానిధి వరండాలో స్తంభం పట్టుకుని గరిక వంకే చూస్తూ నిలబడ్డాడు. 

వినీల గుంతకల్లు బస్సెక్కిన మర్నాడే ఆయన సంచి బయటికి తీశాడు. బకెట్లో ఇసుక కలుపుకుని చల్లడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. గరిక తీగల అడుగున, పైనుంచి చూస్తే కనబడని చోట, పల్లేరు మొలకలు లేచి ఉన్నాయి. రెండేసి ఆకులు, మరీ చిన్నవి. ఒకచోట కాదు, ఎక్కడ గరిక పక్కకు తీసినా అక్కడున్నాయి.

లేచినదాన్ని ఈ మందు ముట్టదని ఆయనకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఇంకొకరికి తెలియదు. అయినా చల్లాడు. చల్లకుండా ఉండలేకపోయాడు. నీళ్ళు పెట్టాడు. కంటికి కనబడిన మొలకల్ని గోటితో గిల్లి పారేశాడు. మోకాళ్ళు సహకరించలేదు, కళ్ళూ అంతంత మాత్రమే. ఎండ ఎక్కువయ్యాక లేచి చేతులు కడుక్కున్నాడు.

కరుణమ్మ గట్టు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు చక్కెర జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది.

"ఇదో, నేను చెప్పులేసుకుందునా ఇంక? డాక్టరమ్మ పోయినసారే అన్నాది, మెత్త చెప్పులు ఇంట్లో కూడా ఇడవొద్దని."

అప్పుడు చెప్పవలసిన మాట ఒకటే ఉంది. వేసుకో కరుణా, ఆలస్యమైపోయింది అంటే సరిపోయేది. కానీ తోట మేస్త్రీ కృపానిధి లాన్‌లో పల్లేరు మొలిచిందని తన నోటితో తాను ఎట్లా అంటాడు?

"నా లాన్ మీద చెప్పులా? ప్రార్థన చేసే జాగాలో? మందు చల్లినా గదా. పల్లేరు కాదు, దాని తాత కూడా రాడు. ఊరికే నడువు."

ఆమె నమ్మింది. నలభై ఏళ్ళుగా ఆయన నేల గురించి చెప్పిన మాట ఏదీ తప్పు కాలేదు మరి. ఆయన మాత్రం తాను అబద్ధమాడానని అనుకోలేదు. మిగిలినవి రోజూ ఏరేస్తా, ఆమెకు తెలిసే లోపల అంతా శుభ్రమైపోతుందని ఆశపడ్డాడు. అబద్ధానికి ఆశ అని పేరు పెట్టుకుని నిద్రపోవడం మనుషులకు ఏనాటినుంచో అలవాటే.

మే నెలంతా ఆయన కరుణమ్మ కంటే ముందే లేచి, గరికలో చేతులు పెట్టి వెతికాడు. పల్లేరు నేలను కరుచుకుని పాకుతుంది. గరిక దాన్ని కప్పుకుంటుంది. ఒక తీగ పీకితే రెండు దొరక్కుండా పోయాయి. పసుపుపచ్చ పూలు కనబడ్డ చోటల్లా పీకాడు. కనబడని చోట కాయలు ఎండి ముళ్ళు తేలాయి.

జూన్‌లో బడి తెరిచేనాటికి వినీల తిరిగి వచ్చింది. గ్లోరియాకు నడక వచ్చేసింది, కీచుమనే బూట్లు వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఒక ఆదివారం పొద్దున హాలు తుడుస్తుంటే నేల మీద తడి మచ్చలు కనబడ్డాయి. ఒక్కో అడుగు దూరంలో ఒక్కోటి. పిల్ల పాలు ఒలకబోసిందనుకుంది. గుడ్డతో అద్ది చూస్తే పాల వాసన కాదు, చీము వాసన. మచ్చల వెంటే పోతే అవి అత్తగారి మంచం దగ్గర ఆగాయి.

కరుణమ్మ చర్చికి తయారై, తెల్లచీర కట్టుకుని, మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటోంది.

"అత్తా, కుడికాలు చూపీ."

"ఏమీ లేదు లేమ్మా. చర్చికి టైమాయె."

వినీల అడగడం మాని కాలు పైకెత్తి పట్టుకుంది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, అరికాలి వైపు, పల్లేరుకాయ మొత్తం దిగబడిపోయి ఉంది. చుట్టూ మాంసం నల్లబడింది. ఎన్నాళ్ళ నుంచో తెలియదు.

"అత్తా! ఇంత పుండు పెట్టుకోని యెట్ల తిరుగుతాండావు? నొప్పి లేదా?"

"రోంత మంటగా ఉండె. తగ్గిపోతాదిలే అనుకుంటి." కరుణమ్మ కోడలి ముఖంలోకి చూడలేదు.

ఆ రోజు ఎవరూ చర్చికి పోలేదు. ఆసుపత్రిలో బొటనవేలూ పక్కవేలూ తీసేశారు. చీము పైకి పాకిందేమోనని డాక్టరమ్మకు అనుమానం. పాకి ఉంటే పాదం దక్కదని, కొన్నాళ్ళు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేనని అంది. "ఇంత లోపలికి దిగినా నొప్పి లేదన్నారా?" అని కూడా అడిగింది.  ఆ సమయంలో అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంటికి తీసుకొచ్చిన సాయంత్రం. కరుణమ్మను లోపలి గదిలో, తలుపు పక్కనే మంచం మీద పడుకోబెట్టారు. విజయ్ కుమార్ బస్సు దిగి, ఇంట్లోకి రాకుండా లాన్‌లోకి పోయి కాసేపు కూర్చుని వెతికాడు. లోపలికొచ్చి ముళ్ళతో సహా పీకిన పల్లేరు తీగను హాలు మధ్యలో పడేశాడు.

"ఇదో. చూడు వినీలా. ఎవరి పుణ్యం ఇది?"

వినీల పిల్లను చంకలోకి తీసుకుంది. "ఏంది నువ్వనేది?"

"నాయన ఫిబ్రవరిలోనే చల్లుతానన్యాడు. ఆపింది ఎవరు? విషం, విషం అని గగ్గోలు పెట్టింది ఎవరు?"

"నేను పోయినాంక చల్లినారు గదా!"

"వాన పడినాంక! వాన వెనక చల్లితే ఉత్త ఇసుక అని ఆయన చెప్పలేదా? నీ ముందరే చెప్పలేదా? మా అమ్మ కాలు పోతాంది వినీలా, కాలు!"

వినీల ఒక్కసారిగా చల్లబడిపోయింది.  తన మాట మీద మందు ఆగిన సంగతి నిజమే కదా. తన పిల్ల కోసం అడ్డుపడి అత్త వేళ్ళు నరికించానా అనుకుంది. పాలిపోయిన ముఖంతో మామగారి వైపు తిరిగింది.

"మామా, మీరు చెప్పండి. నేను ఆపినందుకేనా?"

కృపానిధి గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తీగ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. కోడలి వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"ప్రార్థన చేసుకుందాం రాండి" అన్నాడు.

చాప పరిచింది ఎవరో, కూర్చుంది ఎవరో ఎవరికీ సోయి లేదు. అలవాటు మనిషిని కూర్చోబెడుతుంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, ఈ ఇంట్లో తెలిసీ తెలియక జరిగిన తప్పుల్ని క్షమించు తండ్రీ. చిన్నోళ్ళు తెలియక అడ్డం పడింటారు, నీవు మనసులో పెట్టుకోవద్దు తండ్రీ..."

"కండ్లు తెరవండి మామా."

ప్రార్థన మధ్యలో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. విజయ్ కుమార్ తలెత్తి భార్యను చూశాడు. వినీల లేచి నిలబడి ఉంది. చంకలో పిల్ల ఆమె ముఖం తడుముతోంది.

"దేవునికి చెప్పేది తర్వాత చెప్పుదురు. అడిగింది నేను. నాకు చెప్పండి. నా ముఖం చూసి చెప్పండి. ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ నా తప్పులన్నీ దేవునితో చెప్పించుకుంటాండా. ఈ ఒక్కటి నాకు చెప్పండి మామా. అత్త కాలు పోయింది నా వల్లేనా?"

ఆయన కళ్ళు తెరిచాడు.  

లోపలి గదిలోంచి కరుణమ్మ గొంతు వినబడింది. నీరసంగా, కోపమేమీ లేకుండా వినబడింది.

"చెప్పులేసుకుందునా అని అడిగితి గదప్పా నిన్ను."

కృపానిధి ముఖం చేతుల్లో పెట్టుకోబోయి మానుకున్నాడు. కళ్ళు మళ్ళీ మూతపడబోతే బలవంతాన తెరిచి ఉంచి, మొదటిసారిగా కోడలి ముఖంలోకి సూటిగా చూశాడు.

"నీ వల్ల కాదు వినీలా. మందు చల్లే దినమే సూసినా. అప్పటికే లేచినాయి. రెండేసి ఆకులు. చల్లినా లాభం లేదని నాకు తెలుసు. ఆమె వచ్చి అడిగింది, చెప్పులేసుకుందునా అని. నేను వద్దన్నా. నా లాన్‌లో పల్లేరు ల్యాదన్నా. నువ్వు మందును ఆపితివి. నేను చెప్పుల్ని ఆపితి." ఆయన లోపలి గది వైపు తల తిప్పాడు. "మందు లేకున్నా చెప్పులుంటే కాలుండేది."

వినీల ఏడ్చేసింది. అంతదాకా పట్టి ఉంచిందంతా ఒక్కసారి వచ్చేసింది. "ఇంత తెలిసి కూడా నన్ను అనిపిస్తిరే మామా. మీ కొడుకు అంటాంటే వింటా కూర్చుంటిరే."

"కూర్చుంటినమ్మా" అన్నాడాయన. 

విజయ్ కుమార్ వంగి హాల్లోంచి పల్లేరు తీగ తీశాడు. ముళ్ళు గుచ్చుకుంటున్నా పట్టుకునే ఉన్నాడు. భార్యతో ఏదో అనబోయాడు. ఆమె వినకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమెన్ చెప్పకుండానే చాప చుట్టేశారు.

తర్వాత రోజులు ఆ ఇంట్లో పగలు కూడా చీకటిగా ఉన్నాయి. వినీల వండింది, వడ్డించింది, అత్తగారికి పొద్దునా సాయంత్రం కట్టు మార్చింది. మామగారితో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. బతిమాలినా క్షమించానని అనలేదు. విజయ్ కుమార్ రోజూ పొద్దున లాన్‌లో గోనెసంచి తడిపి పరిచి ఈడ్చేవాడు. రాలిన పల్లేరుకాయలు దానికి అంటుకుని వచ్చేవి. రాలి మట్టిలో కలిసినవి ఇంకెన్ని ఏళ్ళు లేస్తూనే ఉంటాయో చెప్పలేమని కృపానిధికి తెలుసు. ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. శుక్రవారం కూటం ఇంకొకరి ఇంటికి మార్చుకున్నారు.

డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. ఇంకా చెప్పలేమంది.

ఆ పొద్దున వినీల బడికి తొందరలో ఉంది. గ్లోరియాకు ఒళ్ళు వెచ్చగా ఉండి చంక దిగడం లేదు. కృపానిధి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఈ పూట కట్టు నేను కడతా. ఎట్లనో చూపిస్తావా?"

ఆమె ఆయన్ని ఒక్క క్షణం చూసింది. దూదీ మందునీళ్ళూ ఉన్న పళ్ళెం ఆయన చేతికిచ్చింది. "సుట్టూ మెల్లగా తుడవల్ల. లోపలికి ఒత్తొద్దు. తుడిచినాంక మిగతా కాలంతా వేలితో తాకతా తెలుస్తాందా అని అడగమన్నాది డాక్టరమ్మ. తెలియని జాగా పెరుగుతాంటే ఆమెకు చెప్పల్ల."

కృపానిధి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. భార్య పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. రాళ్ళలోంచి తోట లేపిన ఆ చేతులతోనే పాతకట్టు విప్పి, వేళ్ళుండాల్సిన చోటు చూసి, ముఖం పక్కకు తిప్పుకోబోయి తిప్పుకోలేదు. వినీల చెప్పినట్టే తుడిచాడు. తర్వాత మడమ మీద వేలు పెట్టాడు.

"ఈడ తెలుస్తాందా?"

"ఊఁ" అంది కరుణమ్మ, పైకప్పు వైపు చూస్తూ.

ఆయన వేలు ఇంకొంచెం పైకి జరిపాడు. "ఈడ?"

"తెలుస్తాంది."

ఇంకా పైకి, చీలమండ దాకా పోయాడు. "ఈడ?"

 ఈసారి కరుణమ్మ కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి.

"తెలీదు. ఏడా తెలీదప్పా. నువ్వు యాడ ముడ్తాండావో కూడా నాకు తెలీదు. పోయిన క్రిస్మస్ ముందర నుంచే తెలీదు."

ఆయన చేయి ఆగిపోయింది. "డాక్టరమ్మ అడిగినప్పుడంతా తెలుస్తాందంటివే?"

"పక్కన నువ్వుంటివి గదా."

"నేనుంటే ఏమి కరుణా? నాకు చెప్పగూడదా? నలభై ఏండ్లాయె, నాకు కాకుంటే ఇంకెవరికి చెప్తావు?"

"నీకు చెప్తే ఏం చేస్తావు?" ఆమె ఇప్పుడు ఆయన వైపు తిరిగింది. ఆ గొంతులో నింద లేదు. అది ఉంటే బాగుండేదని తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు. "శుక్రవారం అందరి ముందర లేచి, నా భార్య కాళ్ళు సచ్చిపోయినాయి ప్రభువా అంటావు. అందరూ అయ్యో అంటారు. ఆదివారం చర్చిలో నా కాళ్ళ తట్టే చూస్తారు. ఈ వినీల సంగతి ఏం చేస్తివి? కడుపు పండలేదని కూటంలో పెడ్తివి. ఆ పొద్దు నీళ్ళగదిలో ఆమె ఏడుస్తాంటే బయట నిలబడి నేను ఇన్న్యా. ఆ దినమే అనుకుంటి, ఈయనకు నా సంగతి ఏదీ చెప్పగూడదని."

గుమ్మంలో వినీల పిల్లను భుజాన వేసుకుని నిలబడిపోయింది. ఆ సాయంత్రం తలుపు అవతల ఒకరున్నారని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

  తెలిసుంటే కృపానిధి ఆమెకు చెప్పులు తానే తొడిగేవాడు. తెలిసుంటే ఆ లాన్‌నే తవ్వి పారేసేవాడు. ఆమె చెప్పకపోవడానికి పల్లేరు కారణం కాదు, వాన కారణం కాదు, తాను కారణం. తన నోరు కారణం. ఆయన మంచం పట్టీకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దేవుణ్ణి పిలవలేదు. శబ్దం బయటికి రాకుండా ఏడ్చాడు.

వినీల లోపలికొచ్చింది. గ్లోరియాను అత్తగారి పక్కన పడుకోబెట్టి, మామగారి పక్కనే నేల మీద కూర్చుంది. పళ్ళెంలోంచి కొత్త కట్టు తీసి విప్పి, ఒక కొస ఆయన చేతికి అందించింది.

"కట్టండి మామా. గాలి తగలగూడదు. నేను పట్టుకుంటా."

ఇద్దరూ కలిసి కట్టు చుట్టారు. చేతకాక వంకరగా వచ్చింది. వినీల సరిచేయలేదు. ముడి వేశాక కూడా ఆయన ఆ పాదాన్ని ఒళ్ళోంచి దించలేదు, రెండు చేతులతో అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ పాదం ఉంటుందో పోతుందో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

కరుణమ్మ కళ్ళు మూసుకుంది. పక్కన పిల్ల వెచ్చగా ఊపిరి తీస్తోంది.

"పట్టుకోనుండావా, వదిలేస్తివా?" అంది. "నాకు తెలీదు గదా. నువ్వే చెప్పల్ల."

"పట్టుకోనుండా కరుణా" అన్నాడు కృపానిధి.